రైతు నడుము నొప్పి: చేతిపరీక్షయు, వ్యాయామమును

మన పల్లెలలో ఒకనికి నడుము పట్టినదనగానే మొదట వెదకునది వైద్యుని గాదు, ఎదురుకాళ్లతో పుట్టినవానిని. అట్టివాడు నొప్పిగల చోట కాలితో మూడుమార్లు తన్నినచో పట్టు విడుచునని పెద్దల నమ్మిక. నా చిన్నతనమున మా వీధిలో అట్లు పుట్టిన బాలుడొకడుండెను. ఊడ్పుల కాలము వచ్చెనా వానికి తీరిక యుండెడిది కాదు. వాడు లేచి పండ్లు తోముకొనక మున్నే ఇద్దరు ముగ్గురు వాకిట బోరగిల పరుండి వానికై కనిపెట్టుకొని యుండెడివారు. వారిలో పలువురకు నిజముగనే తగ్గెను. ఏలయనగా, హఠాత్తుగా పట్టిన నడుము చాలమందికి కొన్ని వారములలో తనంతట తానే సడలును. ఎవరు తన్నినను, తన్నకున్నను ఫలము ఇంచుమించు ఒక్కటియే. కీర్తి మాత్రము బాలునికి దక్కెను.

విత్తనములు, ఎఱువులు, చీడలు అను వానిని గూర్చి ఈ పత్రికలో వ్రాయుచుండు నేను ఇప్పుడు నడుమును గూర్చి వ్రాయుటకు కారణము చెప్పవలెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారము 2020వ సంవత్సరమున భూమిమీద 61 కోట్ల 90 లక్షల మంది నడుము నొప్పితో బాధపడిరి. 2050 నాటికి ఈ సంఖ్య 84 కోట్ల 30 లక్షలు కాగలదని ఆ సంస్థయే అంచనా వేసినది. మన సంఘ సభ్యులలో నడుము నొప్పి నెఱుగనివారిని వెదకినచో వ్రేళ్లపై లెక్కింపవచ్చును. ఎద్దు కుంటినచో అరక ఆగినదని అందరకు తెలియును. రైతు నడుము కుంటినచో మాత్రము అమృతాంజనము రాచుకొని పొలమునకు పోవుచున్నాడు. అంతటితో తగ్గనియెడల పట్టణమునకు పోయి, ఎవరో నడుము "విరిచి" సరిచేయుదురని విని, అప్పుచేసి వారికి సొమ్ము చెల్లించుచున్నాడు. ఈ విరుపు ఎక్కడనుండి వచ్చినది, దానిలో సత్యమెంత, దానితో గూడ మనము చేయవలసినదేమి యనునది ఈ పాఠమునకు విషయము.

వెన్నెముకను చేతితో తడిమి పరీక్షించి, తటాలున నొక్కి సవరించు ఈ విద్యకు కైరోప్రాక్టిక్ అని పేరు. గ్రీకు భాషలో ఆ మాటకు చేతితో చేయునదని యర్థము. అమెరికాలో అయోవా రాష్ట్రపు డావెన్‌పోర్టు పట్టణమున, 1895వ సంవత్సరము సెప్టెంబరు 18వ తేదీన డి. డి. పామర్ అను నాతడు చెవిటివాడైన హార్వీ లిల్లర్డు అను పరిచారకుని వెన్నుపూస నొకదానిని నొక్కెననియు, దానిచే వానికి వినికిడి వచ్చెననియు ఆ విద్యవారు చెప్పుదురు. పామరు వైద్యుడు కాడు. అయస్కాంత చికిత్స చేయుచుండినవాడు. నూటికి 95 రోగములు వెన్నుపూసలు తొలగుటచేతనే కలుగునని ఆతడు ప్రకటించెను. ఈ సిద్ధాంతమును నేటి శాస్త్రము అంగీకరింపలేదు. పూస తొలగుట, దానిని మరల చోటున కూర్చుండబెట్టుట అను మాటలు వినుటకు ఇంపుగా నుండునేగాని, నొక్కినప్పుడు టప్పుమను శబ్దము పూస చోటునకు వచ్చుటవలన కలుగునది కాదు. కీలులోని జిగురు నీటిలో వాయువుతో నిండిన చిన్న బుడగ యేర్పడుటచే ఆ శబ్దము పుట్టును. మెటికలు విరుచుకొన్నప్పుడు వినవచ్చునదియు అదియే.

సిద్ధాంతము తప్పైనంత మాత్రమున చేతిపని యంతయు వ్యర్థమని త్రోసివేయరాదు. కొన్ని సంగతులు కారణము తెలియకయే మన పెద్దలు ఆచరించిరి. వానిలో కొన్ని పరీక్షకు నిలిచినవి, కొన్ని నిలువలేదు. పరీక్షకు నిలుచునా యనునదే ప్రశ్న.

మన ప్రదర్శన క్షేత్రములలో క్రొత్త ఎఱువును పరీక్షించు పద్ధతి మీరెఱిగినదే. ఒక మడికి వాడుక ఎఱువు, ఒక మడికి క్రొత్తది, వేరొక మడికి రెండును వేసి, కోతనాడు తూచెదము. మనుష్యుల నడుములకు గూడ ఇట్లే చేసిరి. బ్రిటనులో 1334 మంది నడుము నొప్పి రోగులను చీట్లు వేసి పంచినట్లు విభజించి, కొందరికి వాడుక వైద్యము మాత్రము, కొందరికి దానితోబాటు వ్యాయామ తరగతులు, కొందరికి చేతితో వెన్ను సవరించుట, తక్కినవారికి ఆరు వారములు సవరించుటయు పిమ్మట ఆరు వారములు వ్యాయామమును ఏర్పాటు చేసిరి. సవరించినవారిలో కైరోప్రాక్టర్లు, ఆస్టియోపాతులు, ఫిజియోథెరపిస్టులు అను మూడు తెగలవారును గలరు. దీని ఫలితములు 2004వ సంవత్సరమున బ్రిటిషు మెడికల్ జర్నలులో ప్రకటింపబడినవి. పనికి నడుము అడ్డు వచ్చుటను 24 మార్కులతో కొలిచిరి. మూడు నెలల తరువాత, వాడుక వైద్యమునకు మించి వ్యాయామమువలన 1.4, సవరింపువలన 1.6, రెండును కలిపినవారికి 1.9 మార్కుల మేలు కనబడెను. ఏడాది గడచునప్పటికి వ్యాయామము మాత్రమే చేసినవారి మేలు లెక్కకు రానంత స్వల్పమయ్యెను. సవరింపు పొందినవారికి 1.0, రెండును పొందినవారికి 1.3 నిలిచెను.

ఈ అంకెలను చూచి మురియవలసిన పనిలేదు. 24కు 1.9 యనగా పెద్ద దిగుబడి గాదు. ఎకరమునకు బస్తా అరబస్తా పెరిగినట్లు. కాని రెండును కలిపిన మడియే ముందున్నది. ఇతర దేశముల పెద్దలును ఇట్టి పరిశోధనలు పెక్కింటిని చూచి ఆ మార్గముననే నడచిరి. బ్రిటను ప్రభుత్వపు సలహా సంస్థ 2016లో, చేతి చికిత్స చేయదలచినచో వ్యాయామముతో కలిపియే చేయవలెనని శాసించెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో దీర్ఘకాలపు నడుము నొప్పికి రోగికి బోధించుట, వ్యాయామము, వెన్ను సవరించుట, మర్దనము మున్నగువానిని అంగీకరించి, నడుము పట్టీలు, బరువులు కట్టి లాగు చికిత్స, నల్లమందు జాతి మాత్రలు సాధారణముగా కూడదని చెప్పెను. మన బజారులలో అధికముగా అమ్ముడుపోవునది ఆ పట్టీయే యనునది గమనింపదగినది.

నా అనుభవము నొకటి చెప్పుదును. పది యేండ్ల క్రిందట గోదాములో విత్తనపు బస్తా ప్రక్కకు జరుపబోయి నడుము పట్టి నేలమీద కూలబడితిని. పట్టణములో ఒకాయన యొద్దకు నన్ను తీసికొనిపోయిరి. ఆయన ఒక్క ప్రశ్న యైనను అడుగక, నన్ను ప్రక్కకు త్రిప్పి ఒక్క విరుపు విరిచెను. లేచి నడచితిని! మూడు దినములు ఆయనను పొగడితిని. నాల్గవదినమున మరల పట్టెను. ఇట్లు ఐదుమార్లు జరిగెను. ఐదుమార్లును సొమ్ము చెల్లించితిని. పిమ్మట ఒక ఫిజియోథెరపిస్టు నన్ను ముప్పావుగంట పరీక్షించి, నాకు వంగుటయే సరిగా రాదని చెప్పినప్పుడు నవ్వు వచ్చెను. జీవితమంతయు మడిలో వంగినవానికి వంగుట రాదా? నిజముగనే రాదు. మిషను పాఠశాలలో మా డ్రిల్లు మాస్టరు మోకాళ్లు వంచకుండ కాలివ్రేళ్లు ముట్టుకొమ్మని నేర్పినదే నేను నేర్చిన వంగుట.

కావున విరుపు గేటు తలుపు నెత్తుటవంటిది. బిగిసిన నడుము కొంచెము వదులగును, భయము తగ్గును, కదలుట సాధ్యమగును. ఆ కొద్ది దినములలో కండరములకు పని నేర్పవలెను. నీరు వదలి మడి గట్టు కట్టనిచో నీరు నిలుచునా?

ఇక పరీక్ష సంగతి. మంచి కైరోప్రాక్టరైనను, ఫిజియోథెరపిస్టైనను చేయి వేయుటకు ముందు చేయు పనులు ఇవి. మొదట అడుగును: నొప్పి ఎప్పుడు మొదలైనది, ఏ పనిలో హెచ్చును, రాత్రివేళ నిద్ర లేపునా, జ్వరము గలదా, బరువు తగ్గితివా, పడితివా, పూర్వము క్యాన్సరు వచ్చెనా, మూత్రము మామూలుగా వచ్చుచున్నదా? తరువాత నడిపించి చూచును. ముందునకు, వెనుకకు, ప్రక్కలకు వంచి ఎటు వంగిన నొప్పి కాలిలోనికి దిగునో, ఎటు వంగిన నడుమునకే తిరిగి వచ్చునో గుర్తించును. మడమలమీదను, మునివ్రేళ్లమీదను నడువుమనును. మునివ్రేళ్లపై లేవలేనిచో పిక్కకు పోవు నరము నలిగియుండవచ్చును. వెల్లకిల పరుండబెట్టి మోకాలు వంచక కాలిని మెల్లగా పైకెత్తును. కొంచెమెత్తగనే పిరుదునుండి మోకాటి క్రిందివరకు మెఱుపువలె నొప్పి పాకినచో సయాటికా యని పిలుచు నరపు నొప్పి కావచ్చును. బొటనవ్రేలి బలము, చర్మపు స్పర్శ, సుత్తితో తట్టినప్పుడు మోకాలు ఎగురుట చూచును. ఇవన్నియు అయిన పిమ్మటనే వ్రేళ్లతో ఒక్కొక్క పూసను నొక్కి ఎచ్చట బిగువు గలదో, ఎచ్చట నొప్పి గలదో తడిమి చూచును. నేలను పరీక్షింపక ఎఱువు చెప్పువానిని మీరు నమ్మరుగదా. వీనిలో ఏదియు చేయక నేరుగా విరువబోవు వానికి నడుము నప్పగింపకుడు.

వచ్చినవారందరను వెంటనే స్కానింగునకు పంపుటయు సరికాదు. 2015లో ప్రకటితమైన ఒక సమీక్ష ప్రకారము నొప్పి యేమాత్రము లేనివారిని పరీక్షింపగా, 20 యేండ్లవారిలో నూటికి 37 మందికిని, 80 యేండ్లవారిలో నూటికి 96 మందికిని పూసల నడుమ నుండు దిండ్లు అరిగినట్లు కనబడెను. తల నెరయుటవంటిదే అదియును. కాగితముమీద "డిస్కు అరిగినది" యని చదివి ఇక నాకు సేద్యము లేదని పొలము కౌలుకిచ్చినవారిని నేనెఱుగుదును. వారిలో కొందరకు అరుగుటకంటె ఆ కాగితమే ఎక్కువ హాని చేసినది.

అయితే పరీక్షలో తప్పిపోరాని సంగతులు కొన్ని గలవు. మా ప్రాంతపు రైతొకడు, ముప్పది యైదేండ్లవాడు, ఆరు మాసములు నడుము నొప్పితో తిరిగెను. సాయంకాలములందు కొద్దిగా జ్వరము వచ్చుచుండెను, బట్టలు వదులగుచుండెను. పనిభారమని తలచిరి. ఒకచోట రెండుమార్లు నడుము విరిపించుకొనెను. రెండవమారు పిమ్మట కాళ్లు తిమ్మిరెక్కి నిలువలేకపోయెను. పెద్దాసుపత్రిలో చూడగా వెన్నుపూసలో క్షయ. అదృష్టవశమున శస్త్రచికిత్సయు, మందులును ఆతని నిలబెట్టినవి; ఆ యేటి రెండు పంటలును పోయినవి. క్షయ తొలిచిన పూస చెదపురుగు తిన్న దూలమువంటిది. దానిని తటాలున నొక్కరాదు. క్షయ మందులు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితముగా ఇచ్చుచున్నారు. మొదటనే చూచియున్నచో విరుపునకు పెట్టిన సొమ్ముగూడ మిగిలియుండెడిది.

జ్వరముతోగాని బరువు తగ్గుటతోగాని కూడిన నొప్పి, చెట్టునుండియో బండినుండియో పడిన తరువాతి నొప్పి, వృద్ధులైన స్త్రీలలో హఠాత్తుగా వచ్చిన నొప్పి, పాదము వ్రేలాడుట, ఇవి డాక్టరు చూడవలసినవి. వీనియందు చేతి చికిత్స తగదు. మూత్రము బిగిసినను, తెలియక పోయినను, గుదస్థానము చుట్టును తొడల లోపలను స్పర్శ పోయినను, ఆ రాత్రియే పెద్దాసుపత్రికి పోవలెను. తెల్లవారువరకు ఆగినవారికి కొందరకు ఆ శక్తి మరల రాలేదు. మఱియొక మాట: క్షౌరము ముగిసిన పిమ్మట మెడను అటునిటు విరుచు అలవాటు గలదు. మెడ పూసలగుండ మెదడునకు పోవు రక్తనాళము చీలి పక్షవాతము వచ్చుట అరుదేగాని వినని సంగతి గాదు. మెడ జోలికి రావలదని మర్యాదగా చెప్పవచ్చును. ఆయన ఏమియు అనుకొనడు.

మన దేశమున కైరోప్రాక్టర్లకు ప్రత్యేకమైన చట్టము లేదు. ఎవరైనను బోర్డు కట్టుకొనవచ్చును. ఫిజియోథెరపీ 2021వ సంవత్సరపు చట్టము క్రిందికి వచ్చినది. కావున నమ్మకముతో పోదగిన తావు మనకు ఫిజియోథెరపిస్టే. చేతితో సవరించు విద్య వారిలోను పలువురకు వచ్చును.

వ్యాయామములలో మొదటిది కథతో కూడినది. 1956లో న్యూజిలాండు దేశపు వెల్లింగ్టనులో రాబిన్ మెకెంజీ అను ఫిజియోథెరపిస్టు యొద్దకు వచ్చుచుండిన రోగి యొకడు, గదిలో తలవైపు ఎత్తుగా నున్న బల్లమీద పొరపాటున బోరగిల పరుండెను. నడుము వెనుకకు వంగి యట్లే కొన్ని నిమిషములుండెను. ఇది హాని చేయునని ఆ కాలమున అందరును నమ్మియుండిరి. మెకెంజీ వచ్చి భయపడి అడుగగా, కొన్ని వారములుగా వదలని కాలి నొప్పి ఇప్పుడు లేదని రోగి చెప్పెను. ఆ పొరపాటునుండియే ఒక పద్ధతి పుట్టినది. బోరగిల రెండు నిమిషములు పరుండుడు. తరువాత మోచేతులమీద లేచి రెండు నిమిషములు. తరువాత అరచేతులు నేల నానించి, నడుము వదులుగా విడిచి, ఛాతిని పదిమార్లు మెల్లగా లేపుడు. కాలిలో నున్న నొప్పి పైకి నడుమువైపు ప్రాకినచో మంచి గుర్తు. నడుములో కొంచెము హెచ్చినను సాగింపవచ్చును. కాలిలోనికి ఇంకను దిగినచో ఆపి, పరీక్షించినవారికి చెప్పవలెను. అందరి నడుములకు ఇది సరిపడదు. అందుకే ముందు పరీక్ష.

రెండవది, చేతులు మోకాళ్లు నేల నానించి, కుడిచేయి ముందునకును ఎడమకాలు వెనుకకును సమముగా చాచి, ఎనిమిది లెక్కించువరకు నిలిపి మార్చుట. వీపుపై నీళ్లచెంబు పెట్టినను ఒలుకరానంత నిశ్చలముగా నుండవలెను. మూడవది, ప్రక్కకు పరుండి మోచేతిమీదను మోకాళ్లమీదను నడుమును లేపి నిలుపుట. కెనడా దేశపు స్టూవర్టు మెక్‌గిల్ అను పండితుడు వీనిని ప్రచారము చేసెను; పొలము పనికి కావలసినది బలముకంటె ఓర్పు గనుక ఇవి మనకు తగియున్నవి. ఒక్కొక్కటి ఆరేసిమార్లు, ప్రతిదినమును.

నాల్గవది వంగుట నేర్చుకొనుట. నా ఉద్దేశములో ఇదియే ముఖ్యము. చేపాటికర్రను వెన్నువెంబడి నిలువుగా పట్టుకొనుడు. తల వెనుక, రెక్కల నడుమ, పిరుదులపై, ఈ మూడుచోట్లను కర్ర తాకవలెను. మోకాళ్లు కొంచెము సడలించి, పిరుదులను వెనుకకు జరుపుచు తుంటికీలువద్ద ముందునకు వంగుడు. కర్ర మూడుచోట్లను తాకియున్నంతవరకు మీరు తుంటితో వంగుచున్నారు. ఒకచోట విడిచినచో నడుముతో వంగుచున్నారు. 1999లో జర్మనీ పరిశోధకులు ఒక మనుష్యుని నడుములోని దిండులో పీడనము కొలుచు సాధనము నుంచి చూడగా, 20 కిలోల బరువును వీపు గుండ్రముగా వంచి ఎత్తినప్పటి ఒత్తిడి ఊరక నిలుచున్నప్పటికంటె నాలుగు రెట్లు మించెను. మోకాళ్లు వంచి ఎత్తినప్పుడు అది గుండ్రముగా వంచినప్పటి దానిలో సుమారు మూడుపాళ్లకు తగ్గెను. నీళ్లు నింపిన 16 లీటర్ల మందు పంపు బరువు ఇంచుమించు అంతియే.

ఊడ్పులోను, కలుపులోను కర్ర పట్టుకొని పని చేయమని స్త్రీలకు చెప్పుట హాస్యాస్పదము, నేనట్లు చెప్పను. వంగుట పాపము గాదు, గంటలకొలది లేవకుండుటయే కష్టము. ముఠాలోని వారందరు చాలు ముగియగానే నిలిచి, చేతులు నడుముపై నుంచి ఐదుమార్లు వెనుకకు వంగినచో అర నిమిషము పట్టును. మేస్త్రీ ఒప్పుకొనవలెను, అంతియే. ఇంకొకటి: రాత్రి నిద్రలో దిండ్లు నీరు పీల్చి ఉబ్బియుండును; అందువలననే తెల్లవారి మనుష్యుడు కొంచెము పొడవగును. లేచిన వెంటనే లోతుగా వంగుట మానినవారికి నొప్పి తగ్గినట్లు 1998లో ప్రకటితమైన అమెరికా పరిశోధన యొకటి చూపినది. మనమో చీకటితో లేచి నేరుగా నారు పీకుటకు వంగుదుము. ఆ మొదటి గంటను గట్లు చూచుటకు, పశువుల మేపునకు, నడకకు వినియోగించి, నారుమడికి తరువాత దిగుట మేలు.

చివరకు మన గోదాము సంగతి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో చేసిన సిఫారసులో పురుషుడొకడు మోయదగిన బరువునకు 55 కిలోలు మేర. మన వడ్లబస్తా 75. యూరియా బస్తా 50 కిలోలనుండి 45 కిలోలకు 2018లో తగ్గినప్పుడు దానిని నింద చేసితిమిగాని, హమాలీల నడుములకు అది మేలే. వచ్చు సర్వసభ్య సమావేశమున వడ్లను 50 కిలోల సంచులలో కొలుచుటకును, రెండు తోపుడు బండ్లు కొనుటకును తీర్మానము ప్రతిపాదింపదలచితిని. తూకమునకు ఆలస్యమగునని ఆక్షేపించువారు, ముందుగా ఒక దినము హమాలీలతో కలిసి నలుబది బస్తాలు మోసి వచ్చి ఆక్షేపింతురుగాక.

కర్రతో వంగు విధమును, తక్కిన మూడు వ్యాయామములను నాట్లకు ముందటి రెండు ఆదివారములు ఉదయము ఎనిమిది గంటలకు ప్రదర్శన మడి గట్టున నేను చేసి చూపుదును. స్త్రీలకు వేరుగా చూపుటకు ఒక నర్సమ్మగారు అంగీకరించిరి. నొప్పి కాలిలోనికి దిగుచున్నవారు ముందు ఆసుపత్రిలో పరీక్ష చేయించుకొని రావలెను. గోనెపట్ట యొకటి, నిటారుగా నున్న కర్ర యొకటి ఎవరివి వారు తెచ్చుకొనవలెను.